పూనకం, శిగం, పట్టడం

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లాలో ఉన్న మరిపెడ వైపు బోనాల నాడు డప్పు అందుకోగానే ఎవరో ఒకామె జుట్టు విరబోసుకుని ఊగుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు పసుపు నీళ్లు పోసి, చేతికి వేపమండలిచ్చి, ‘ఏం గావాలె తల్లీ’ అని అడుగుతారు. పుస్తకాల్లో దీన్ని పూనకం అంటారు. ఇక్కడి నోళ్లలో అది శిగం. పవడం పగడమైనట్టే శివం శిగమైందని నాకు తోస్తుంది. ఆ ఊగే తలలను చూసి శిగ నుంచి వచ్చిందనుకునేవాళ్లూ లేకపోలేదు.

పూనకానికి మూలం ‘పూను’. పనికి పూనుకోవడం, పూనిక, గుర్రాలను పూన్చిన రథం, అన్నీ ఈ ఇంటివే. కాడి ఎత్తుకున్నట్టు మనిషి దేవతను మోస్తాడన్నమాట.

దయ్యం మాత్రం ఎక్కువగా పూనదు, పడుతుంది. 2024లో వచ్చిన జపాన్ అనిమే ‘దండదాన్’లో ఒకరున్ అనే కుర్రాడి ఒంట్లో టర్బో గ్రానీ అనే ముసలి దయ్యం చేరుతుంది. అతణ్ణి కాపాడబోయిన మోమో అనే అమ్మాయికి అతని మీదే మనసవుతుంది. ఈ కథ మన ఊళ్లో చెబితే అతనికి దయ్యం పట్టిందనీ, ఆమెకు పిచ్చి పట్టిందనీ ఒక్క క్రియతోనే తేల్చేస్తారు. అన్నట్టు, ప్రేమకు శిగం రాదు. సినిమా అభిమానులకు పూనకం మాత్రం వస్తుంది: 2023 నాటి ‘వాల్తేరు వీరయ్య’ నుంచి ఆ పూనకాలు ‘లోడింగ్’ కూడా అవుతున్నాయి.