హైడ్రోసాల్పింక్స్: చికిత్సా చరిత్ర

ఫెలోపియన్ నాళం అండాశయం వైపు కొస మూసుకుపోయి, లోపల నీరు చేరి ఉబ్బడాన్ని హైడ్రోసాల్పింక్స్ అంటారు. వాడుకలో ఇది ‘ట్యూబుల్లో నీరు’. క్లమిడియా, గనేరియా, కాన్పు లేదా గర్భస్రావం తర్వాత సోకే ఇన్ఫెక్షన్లు, ఎండోమెట్రియోసిస్ దీనికి కారణాలు. భారతదేశంలో జననాంగాల క్షయ మరో ముఖ్య కారణం.

నిర్ధారణ
ఈ నాళాలను ఇటలీ వైద్యుడు గాబ్రియేలె ఫలోపియో 1561లో వర్ణించాడు. 1914లో అమెరికాలో వైద్యులు కేరీ, రూబిన్ విడివిడిగా గర్భాశయంలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి చిత్రాలు తీశారు. నేటి హెచ్‌ఎస్‌జీ (హిస్టరోసాల్పింగోగ్రఫీ) పరీక్షకు మూలం అదే. అల్ట్రాసౌండ్, ల్యాప్రోస్కోపీ తర్వాత వచ్చాయి.

నాళాన్ని తెరవడం
1970లలో కెనడాలో విక్టర్ గోమెల్, బ్రిటన్‌లో రాబర్ట్ విన్‌స్టన్ మైక్రోసర్జరీకి ఊపునిచ్చారు. లోపలి పొర బాగున్నవారికి నాళాన్ని తెరవడం నేటికీ ఒక మార్గమే. పొర చెడితే నాళం మళ్లీ మూసుకుపోవచ్చు. గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదమూ ఉంది.

నాళాన్ని దాటడం, తీసేయడం
1978లో ఇంగ్లండులో పుట్టిన తొలి ఐవీఎఫ్ శిశువు లూయీస్ బ్రౌన్ తల్లికి నాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఐవీఎఫ్‌లో అండం శరీరం బయటే ఫలదీకరణం చెందుతుంది కాబట్టి ఇక నాళంతో పనిలేదనిపించింది. అయితే ఉబ్బిన నాళంలోని నీరు గర్భాశయంలోకి జారి పిండం అతుక్కోవడాన్ని దెబ్బతీస్తుందని, గర్భధారణ అవకాశం దాదాపు సగానికి పడిపోతుందని 1990ల చివర్లో తేలింది. 1999లో వెలువడిన స్కాండినేవియా అధ్యయనం తర్వాత, ఐవీఎఫ్‌కు ముందు ల్యాప్రోస్కోపీతో నాళాన్ని తొలగించడం ప్రధాన చికిత్స అయింది. చుట్టుపక్కల కణజాలం అతుక్కుపోయి తొలగించడం కష్టమైతే గర్భాశయం దగ్గర నాళాన్ని మూసేస్తారు. సూదితో నీరు తీయవచ్చు కానీ అది మళ్లీ చేరవచ్చు.

కృష్ణా డెల్టా ప్రాంతంలో
గుంటూరులో అమెరికన్ మిషనరీ వైద్యురాలు అన్నా శారా కుగ్లర్ 1898లో మహిళల ఆసుపత్రి ప్రారంభించింది. గుంటూరు వైద్య కళాశాల 1946లో, విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో ఏర్పడ్డాయి. నాళాలను దెబ్బతీసే క్షయకు మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. అవి వ్యాధిని నయం చేసినా అప్పటికే మచ్చకట్టిన నాళాన్ని బాగుచేయలేవు. అలాంటివారిలో చాలామందికి ఐవీఎఫే దారి. 2019లో డెబ్బై ఏళ్లు దాటిన మహిళకు గుంటూరులో ఐవీఎఫ్‌తో కవలలు పుట్టడం వయోపరిమితిపై చర్చ రేపింది. 2021 నాటి కేంద్ర చట్టం ఈ చికిత్సకు మహిళల గరిష్ఠ వయసును 50 ఏళ్లుగా నిర్ణయించింది.