గీతను గీతతోనే చెరపాలి

ఒక చిన్న పని చేసి చూడండి. రోజూ అన్నం తినే స్టీలు కంచాన్ని తీసుకుని, వెలుగుతున్న బల్బు కింద పట్టుకోండి. బల్బు ప్రతిబింబం చుట్టూ సన్నని గీతలు సాలెగూడులాగా వలయాలు వలయాలుగా కనిపిస్తాయి. ఎవరో వృత్తలేఖిని పెట్టి గీసినట్టే ఉంటాయి. ఇప్పుడు కంచాన్ని కదపకుండా మీ తలను కాస్త పక్కకు జరపండి. వలయాలు కూడా జరుగుతాయి! కంచం మీద ఉన్న గీతలు కదలడం ఏమిటి?

నిజానికి కంచం మీద వలయాలేవీ లేవు. అంట్లు తోమే పీచు ఎటుపడితే అటు గీసిన వేలాది గీతలు అన్ని దిక్కులకూ పరుచుకొని ఉన్నాయి. కానీ ఏ గీత అయినా కాంతిని తనకు అడ్డంగా ఉన్న దిక్కులోనే ఎక్కువగా చిమ్ముతుంది. కాబట్టి బల్బు ప్రతిబింబం చుట్టూ ఏ గీతలు తగిన కోణంలో అడ్డంగా పడి ఉన్నాయో అవి మాత్రమే మన కంటికి మెరుస్తాయి. మిగిలినవి కనపడకుండా ఉండిపోతాయి. మెరిసిన ముక్కలన్నింటినీ కలిపి వలయంగా కూర్చేది మన చూపే.

నల్లని కారు బానెట్ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో కనిపించే వలయాలు కూడా ఇవే. వాటిని మెకానిక్కులు స్విర్ల్ మార్కులు అంటారు. పొద్దున్నే పాత బనీను గుడ్డతో కారును పొడిగా తుడవడం మన ఊళ్లలో అందరూ చూసే దృశ్యం. ఆ దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. ఇసుక అంటే క్వార్ట్జ్. కాఠిన్యపు కొలబద్ద మీద దానిది 7వ స్థానం. కారు రంగు దాని ముందు వెన్న లాంటిది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ ఉప్పుకాగితంతో రుద్దుతున్నామన్న మాట! ఆ గీతల లోతు సాధారణంగా కొద్ది మైక్రోమీటర్లే. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

సరే, పడిన గీతను తీసేయడం ఎలా? గీత అంటే ఒక గుంట. గుంటను తీసేయలేం. ఉన్నవి రెండే దారులు: గుంటను దేనితోనైనా పూడ్చాలి, లేదా చుట్టూ ఉన్న నేలను గుంట అడుగు మట్టానికి చెక్కేయాలి. మెరుగుపెట్టినప్పుడు జరుగుతున్నది ఈ రెంటిలో ఏది? చూడటానికి చిన్న ప్రశ్న. దీని మీద శాస్త్రజ్ఞులు రెండున్నర శతాబ్దాలకు పైగా వాదించుకున్నారు.

మెరుగుపెట్టే విద్య మనకు కొత్తది కాదు. బీహారులోని బరాబర్ గుహల లోపలి గోడలు క్రీ.పూ. 3వ శతాబ్దం నాటివి. గట్టి గ్రానైటును అద్దంలా నునుపు చేశారు. 1213 నాటి రామప్ప గుడిలో నల్లరాతి స్తంభాల నునుపు చూసినవారెవరూ మరచిపోరు. చేతికి ఆ విద్య తెలుసు. అయితే ఆ చేతి కింద ఏం జరుగుతోందన్న ప్రశ్న వేసి, జవాబును పుస్తకంలో రాసిపెట్టినవారిలో ముందుగా చెప్పుకోవలసినవాడు ఐజాక్ న్యూటన్.

న్యూటన్ 1668లో అద్దంతో పనిచేసే తన మొదటి దూరదర్శినిని స్వయంగా తయారు చేశాడు. ఆ అద్దం గాజుది కాదు, రాగి, తగరం కలిపిన తెల్లని మిశ్రలోహం. దాన్ని ఎలా నునుపు చేశాడో 1704లో వెలువడిన 'ఆప్టిక్స్' గ్రంథంలో వివరించాడు. ఒక కుంభాకారపు రాగి పళ్లెం మీద పిచ్ కరిగించి పోశాడు. పిచ్ అంటే తారుకు దగ్గరి చుట్టమైన నల్లని జిగట పదార్థం. దాన్ని పలుచని పొరగా నొక్కి, దాని మీద తగరపు ఆక్సైడు మెత్తని పొడిని వేసి, తడి చేసి, అద్దాన్ని రుద్దాడు. పొడిలోని పెద్ద రేణువులను ముందుగానే నీళ్లతో కడిగి తీసేశాడు. లండనులో ఒక పనివాడు ఇలాంటి దూరదర్శినినే చేయబోయి, మరో పద్ధతిలో మెరుగుపెట్టినందువల్ల అంత బాగా చేయలేకపోయాడని కూడా న్యూటన్ కాస్త గర్వంగానే రాసుకున్నాడు.

మెరుగంటే ఏమిటన్నదానికి ఆయన జవాబు సూటిగా ఉంటుంది. ఎంత సన్నని పొడి అయినా గీరడం తప్ప మరో పని చేయలేదు. పెద్ద గీతల స్థానంలో చిన్న గీతలు వస్తాయి, వాటి స్థానంలో ఇంకా చిన్నవి. చివరకు అవి కంటికి ఆననంత చిన్నవైనప్పుడు మనం దాన్ని నునుపు అంటున్నాం. గీతలు పోలేదు, చిన్నవయ్యాయి, అంతే. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు. గరుకుతనం అంతకంటే బాగా చిన్నదైతే కాంతి దాన్ని పట్టించుకోదు. అద్దం మీద పడినట్టే తిరిగి వెళ్తుంది.

పొడి సన్నగా ఉంటే సరిపోతుందా? పిచ్ ఎందుకు? ఇక్కడే అసలు కిటుకుంది. గట్టి పీట కింద, నేల మీద ఒక్క గులకరాయి ఉందనుకోండి. మీరు పీట మీద కూర్చుంటే బరువంతా ఆ ఒక్క రాయి మీదే పడుతుంది; నేలలో గుంట చేస్తుంది. పీటకు బదులు దూదిపరుపు ఉంటే రాయి పరుపులోకి దిగిపోతుంది, బరువు చుట్టూ పంచుకుపోతుంది. మెరుగుపెట్టే పొడిలో ఎంత జల్లించినా కొన్ని రేణువులు మిగతావాటికంటే పెద్దవిగానే ఉంటాయి. వెనుక ఉన్నది గట్టి లోహమైతే ఆ పెద్ద రేణువు లోతుగా గీస్తుంది. వెనుక మెత్తనిది ఉంటే ఆ రేణువు దానిలోకి దిగబడి, తన పక్కవాటితో సమానంగా నిలుస్తుంది. ఒకే పొడి, ఒకే చేయి; వెనుక ఉన్న మెత్తను బట్టి గీత లోతు మారిపోతుంది.

మరి గుడ్డో తోలో వాడవచ్చు కదా? వాడేవారు. కానీ గుడ్డ మరీ మెత్తన. అది మిట్టలను చెక్కుతూనే పల్లాల్లోకి కూడా దూరి వాటినీ అరగదీస్తుంది. తళతళ వస్తుంది, ఆకారం చెడుతుంది. పిచ్‌కు రెండు స్వభావాలున్నాయి. సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. వదిలేస్తే నెమ్మదిగా పారుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు 1927లో ఒక గరాటులో పిచ్ పోసి పెట్టాడు. 2014 నాటికి దానిలోంచి రాలినవి 9 చుక్కలే! ఇంత నెమ్మదిగా లొంగే పదార్థం గనుకనే పిచ్ అద్దపు వంపుకు సరిగ్గా అమరుతుంది, మళ్లీ చిన్న పల్లాల్లోకి దూరకుండా బిగువుగా నిలుస్తుంది. తమిళనాడులోని కావలూరులో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని అద్దాన్ని బెంగుళూరులో మనవాళ్లే అరగదీసి మెరుగుపెట్టారు. ఆ దూరదర్శినికి పేరుపెట్టింది హైదరాబాదులో చదువుకున్న వైను బప్పు మీదనే.

న్యూటన్ చెప్పింది అందరూ ఒప్పుకొని ఊరుకోలేదు. 1901లో లార్డ్ రాలే మెరుగు గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. గరుకు గాజుకు మెరుగుపెడుతూ సూక్ష్మదర్శినిలో చూస్తే, గుంటల మధ్యనున్న మిట్టల తలలు మొదటి నుంచీ పూర్తి నునుపుగానే కనిపిస్తున్నాయి. ఆ నునుపు మచ్చలు పెద్దవవుతూ పోతున్నాయి, అంతే. కాబట్టి ఇది గీరడం కాదు, దాదాపు అణువు అణువుగా అరగడం అన్నాడాయన.

అదే కాలంలో జార్జి బైల్బీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మరో వింత చూపించాడు. బాగా మెరుగుపెట్టిన లోహం మీద ఆమ్లం పోస్తే, పోయాయనుకున్న పాత గీతలు మళ్లీ పైకి తేలాయి! అంటే రాపిడికి పైపొర ద్రవంలా జారి గుంటలను కప్పేసిందని ఆయన వాదం. 1937లో కేంబ్రిడ్జిలో బౌడెన్, హ్యూస్ దీనికి బలం చేకూర్చారు. వారి ప్రయోగాల్లో కాఠిన్యం కంటే ద్రవీభవన స్థానం ముఖ్యమని తేలింది. సుమారు 178 డిగ్రీల వద్ద కరిగే కర్పూరం, 70 డిగ్రీల దగ్గర కరిగే ఉడ్స్ లోహానికి మెరుగు తెచ్చింది. ఎక్కువ వేడికి కరిగే తగరం, సీసాల మీద దాని ఆట సాగలేదు. పూజ గదిలోని కర్పూరంతో లోహానికి మెరుగుపెట్టారంటే వింతగా లేదూ?

ఆ తర్వాత ఆస్ట్రేలియా లోహశాస్త్రజ్ఞుడు లియోనార్డ్ శామ్యూల్స్ 1950ల నుంచి చేసిన పరిశోధనల్లో కథ మళ్లీ మలుపు తిరిగింది. లోహాన్ని మెరుగుపెట్టేటప్పుడు కూడా సన్నని చిత్రికలు లేస్తున్నాయి, బైల్బీ చెప్పిన పారే పొర కనపడటం లేదు. ఆమ్లానికి తేలినవి కప్పబడిన గుంటలు కావు; గీత పడినప్పుడు దాని అడుగున లోహం నలిగిన జాడలు. గాజు విషయం వేరు. అక్కడ నీరు, పొడి, గాజు మధ్య రసాయన చర్య కూడా ఉంది. లోహానికి సంబంధించినంతవరకు న్యూటన్ చాలావరకు నెగ్గాడు.

ఇప్పుడు కారు దగ్గరకు వద్దాం. తొలినాటి కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే వార్నిష్ పొరలు చేత్తో వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేది. 1923లో జనరల్ మోటార్స్ సంస్థ డ్యూపాంట్ వారి 'డూకో' అనే నైట్రోసెల్యులోజ్ రంగును తన కార్ల మీదకు తెచ్చింది. త్వరగా ఆరేది, కానీ రుద్దితే తప్ప మెరిసేది కాదు. మన షెడ్లలో డూకో అన్న పేరు ఎలా స్థిరపడిందో మీకు తెలుసు. 1980ల నుంచి మరో పద్ధతి వ్యాపించింది. అడుగున రంగు, దాని మీద రంగులేని పారదర్శక పొర, అదే క్లియర్ కోట్. దీని మందం సుమారు 40, 50 మైక్రోమీటర్లు, తల వెంట్రుక కంటే తక్కువ. ఎండలోని అతినీల లోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఇదే. గీతలు పడేది దీనిమీదే, చెక్కాలంటే చెక్కవలసింది దీన్నే. ఒకసారి చెక్కింది తిరిగి రాదు. అందుకే ఏ మెత్త వాడాలన్న ప్రశ్న షెడ్డులో అంత కీలకమైంది.

గొర్రె ఉన్నితో చేసిన ప్యాడ్ వేగంగా చెక్కుతుంది. గట్టి పోగుల కొసలు రేణువులను పట్టుకొని కోస్తాయి. లోతు గీతలు పోతాయిగానీ, పోగులు తమ గీతలు తాము వదిలిపోతాయి. వాటిని తీయడానికి మరో మెత్త కావాలి. ఫోమ్ ప్యాడ్ పాలీయురెథేన్ నురుగు. ఈ పదార్థానికి దారి తీసినది 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం. చాలా క్లియర్ కోట్లలో, ముఖ్యంగా షెడ్లలో మళ్లీ వేసే వాటిలో, ఉండేది కూడా పాలీయురెథేనే! గట్టి ఫోమ్ చెక్కడానికి, మెత్తనిది చివరి మెరుగుకు. మెత్తన ఫోమ్‌లో రేణువు దిగబడుతుంది గనుక గీత పలుచగా ఉంటుంది. లోతు గీతను అది తీయలేదు. మైక్రోఫైబర్ ప్యాడ్ సన్నని పోగులది, ఉన్నికీ ఫోమ్‌కూ మధ్యస్థంగా చెక్కుతుంది.

నా సలహా ఒకటే: మెత్తనిదానితో మొదలుపెట్టి, పని జరగకపోతేనే గట్టిదానికి పోవాలి. ఎక్కువమంది షెడ్డువాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు, ఎందుకంటే గట్టి ప్యాడ్‌తో పని అయిదు నిమిషాల్లో తెమిలిపోతుంది. ప్యాడ్‌ను తిప్పే యంత్రంలో కూడా తేడా ఉంది. ఒకే అక్షం మీద వేగంగా తిరిగేది పొరను వేడెక్కిస్తుంది, అంచుల దగ్గర ఇది ప్రమాదం. తిరుగుతూ, అటూ ఇటూ ఊగుతూ పోయే యంత్రంలో ఏ రేణువూ ఒకే వృత్తంలో పదేపదే గీయలేదు. సిలికాన్ చిప్పుల తయారీలో 1980ల నుంచి వాడుతున్న మెత్తలు కూడా పాలీయురెథేన్‌వే. అక్కడ కావలసింది వేరు: రేణువు మైక్రోమీటరులో చిన్న భాగం, ఉపరితలం చదునుగా ఉండాలి కనుక మెత్త కాస్త బిరుసుగా ఉండాలి.

ఇంకొకటి గమనించండి. అంగడిలో దొరికే కొన్ని పాలిషుల్లో మైనం, నూనెలు ఉంటాయి. అవి గీతలో నిండి కాంతిని చిమ్మకుండా ఆపుతాయి. కారు ఆ సాయంత్రం మెరిసిపోతుంది. బైల్బీ లోహం విషయంలో పొరబడ్డాడు గానీ, ఈ పాలిషుల విషయంలో ఆయన చెప్పినదే జరుగుతోంది. మెరుగు పెట్టించిన తర్వాత పొడిబారిన చిన్న చోటును స్పిరిట్ అద్దిన మెత్తని గుడ్డతో నెమ్మదిగా అద్ది, ఎండలో సూర్యుడి ప్రతిబింబం చుట్టూ పక్క చూపుతో చూడండి. సూర్యుణ్ణి నేరుగా చూడకండి. వలయాలు మళ్లీ కనిపిస్తే గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, వాటిని కప్పారంతే.