వేట దుర్భిణి: స్కాట్లాండ్ కొండసీమల్లో ఎంపిక ప్రమాణాల చరిత్ర

'దుర్భిణి' పారసీకం నుంచి తెలుగులోకి వచ్చిన మాట. 'దూర్' అంటే దూరం, 'బీన్' అంటే చూసేది. ఒంటిగొట్టపు దూరదర్శినినీ, జంటగొట్టాల బైనాక్యులర్‌నూ మనం ఈ ఒక్క మాటతోనే వ్యవహరిస్తున్నాం. వేటగాళ్లు, గురికాళ్లు నేడు స్పాటింగ్ స్కోప్ అనే సాధనం మొదటి కోవకు చెందినది. అది తుపాకికి బిగించేది కాదు, వేరుగా ఆనించి చూసేది. దాని ఎంపికకు ప్రమాణాలు ఎలా ఏర్పడ్డాయో తెలియడానికి 19వ శతాబ్దపు స్కాట్లాండ్ కొండసీమల జింకల వేటను పరిశీలించవలసి ఉంది.

ఆ వేటలో తుపాకి యజమానిది, దుర్భిణి స్టాకర్‌ది. స్టాకర్ అంటే ఎస్టేటులో జీతానికి పనిచేసే వేట మార్గదర్శి. చెట్లులేని కొండవాలుమీద పడుకొని, గొట్టాన్ని మోకాలికో చేతికర్రకో ఆనించి, మందలో ఏ మగజింక ముదురుదో, దేన్ని విడిచిపెట్టాలో, కొమ్ములకు ఎన్ని శాఖలున్నాయో అతడే తేల్చేవాడు. (పన్నెండు శాఖలుంటే దాన్ని 'రాయల్' అనేవారు.) కాల్చే హక్కు ఒకరిది, దేన్ని కాల్చాలో తెలిసిన కన్ను మరొకరిది. ఈ సంబంధాన్ని విస్మరించి దుర్భిణి చరిత్రను కేవలం కటకాల చరిత్రగా రాయడం అసమగ్రమే.

స్టాకర్‌కు కావలసింది అత్యధిక వర్ధనం కాదు, వెలుగు. ముందుకటకం వ్యాసాన్ని వర్ధనంతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 50 మి.మీ. కటకానికి 20 రెట్ల వర్ధనమైతే అది 2.5 మి.మీ., 40 రెట్లయితే 1.25 మి.మీ. మాత్రమే. మునిమాపువేళ కంటిపాప ఇంతకన్నా ఎంతో విచ్చుకుంటుంది కనుక వర్ధనం పెంచినకొద్దీ జింక పెద్దదై, మసకబారుతుంది. పైగా పూతలేని ప్రతి గాజుతలం దాదాపు 4 శాతం కాంతిని వెనక్కి తిప్పేది. అటువంటి తలాలు పది ఉంటే మూడోవంతు వెలుగు పోయినట్లే. 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించిన పూత తరువాతనే ఈ నష్టం గణనీయంగా తగ్గింది.

గురిపోటీల అవసరం వేరు. 1860లో వింబుల్డన్‌లో మొదలై 1890లో బిస్లీకి మారిన బ్రిటిష్ పోటీల్లో వెయ్యి గజాల గురి కూడా ఉండేది. అంత దూరాన తూటా రంధ్రాన్ని వెతకడం వృథా, గుండు తగిలిన చోటును లక్ష్యం దగ్గరి మనుషులే సూచించేవారు. దుర్భిణితో చూడవలసింది గాలిని. నేలమీది వేడిగాలి అలలు ఎటు వాలుతున్నాయో తెలియడానికి లక్ష్యానికి కాస్త ఇవతల దృష్టి కుదుర్చుకోవాలి. వర్ధనం మితిమీరితే ఆ అలల్లో లక్ష్యమే కరిగిపోతుంది.

1900లో లార్డ్ లోవాట్ బోయర్ యుద్ధానికి స్టాకర్లతో లోవాట్ స్కౌట్స్ దళాన్ని సమకూర్చినప్పుడు, అంతవరకు నౌకరీగా ఉన్న నైపుణ్యం సైనిక విద్య అయింది. 1914లో దుర్భిణులను సైన్యానికి అరువివ్వమని లార్డ్ రాబర్ట్స్ ప్రజలను కోరాడు. 1916లో ఫ్రాన్సులో స్నైపింగ్ శిక్షణశాల నడిపిన హెస్కెత్ ప్రిచర్డ్, స్థిరమైన స్థానం నుంచి పరిశీలించడానికి బైనాక్యులర్‌కన్నా ఒంటిగొట్టపు దుర్భిణికే పెద్దపీట వేశాడు. 1920 నాటి అతని గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. శత్రు కందకం గట్టుమీద ఎండ కాచుకుంటున్న పిల్లిని పరిశీలకుడొకడు దుర్భిణిలో గమనించాడు. దాన్నిబట్టి అక్కడ అధికారుల నెలవు ఉన్నదని ఊహించారు. తరువాత ఆ చోటిపై ఫిరంగులు పేలాయి.