సాగనంపడమే ఈ ఇంటి పని

జూబిలీ సంచికల్లో సంస్థ చరిత్ర అంటే తరచూ భవనాల చరిత్రే. శంకుస్థాపన ఎప్పుడు, రిబ్బను కత్తిరించిందెవరు, గదులెన్ని అని రాస్తూ పోతాం. విజయవాడ నవజీవన్ బాలభవన్ గురించి అలా రాస్తే అసలు సంగతి జారిపోతుంది. 1989లో డాన్ బాస్కో సభకు చెందిన సలేషియన్ ఫాదర్లు మొదలుపెట్టిన ఈ సంస్థను రైల్వే స్టేషన్‌తో కలిపి చూస్తేనే దాని పని అర్థమవుతుంది.

ఢిల్లీ, చెన్నై, హౌరా, హైదరాబాద్ లైన్లు కలిసే జంక్షన్ ఇది. ఇంట్లో దెబ్బలు తిని, పరీక్ష తప్పి, లేదా స్నేహితుడి వెంట సరదాగా రైలెక్కిన పిల్లలు ఇక్కడ దిగిపోయేవారు. ఖాళీ వాటర్ బాటిళ్లు ఏరుకుంటూ, బోగీలు ఊడ్చి చెయ్యి చాపుతూ, ప్లాట్‌ఫారం చివర పడుకునేవారు. కొందరు ఆకలి తెలియకుండా వైట్‌నర్ పీల్చేవారు. వీరిలో చాలామందికి ఎక్కడో అమ్మో నాన్నో ఉన్నారు. అందుకే బాలభవన్‌లో అన్నం, పడక, చదువు ఎంత అవసరమో, ఇంటి ఆచూకీ పట్టడమూ అంతే అవసరం. సంస్థను ఏళ్ల తరబడి నడిపించిన ఫాదర్ థామస్ కోషీ వంటివారి పేర్లు నగరానికి తెలుసు. స్టేషన్‌లో తిరిగిన కార్యకర్తల పేర్లు మాత్రం ఆ పిల్లలకే తెలుసు.

ఈ పనికి మూలం సభ స్థాపకుడు డాన్ బాస్కో బాల్యంలోనే ఉంది. 1815లో ఇటలీలోని బెక్కి అనే పల్లెలో పుట్టిన ఆయనకు రెండేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. చదువుకుంటానంటే సవతి అన్న ఆంటోనియో సాగనివ్వలేదు. ఇంట్లో పోరు పడలేక 1828లో, పన్నెండేళ్ల వయసులో, ఇల్లు విడిచి మోలియా కుటుంబం పొలంలో పాలేరుగా చేరాడు. మరుసటి ఏడాది చివర్లో మేనమామ మికేలే వెళ్లి వెంటబెట్టుకొచ్చాడు. అయినా గొడవ తీరలేదు. తల్లి మార్గరీత ఆస్తి పంచి ఆంటోనియోను వేరు పెట్టాకే చదువు సాగింది. పిల్లవాణ్ణి ఇంటికి తేవడం ఒక పని, వాడు ఎందుకు వెళ్లాడో ఆ కారణం తీర్చడం మరో పని. ఆ రెండో పని చేసింది తల్లే. పెద్దయ్యాక ఆ డాన్ బాస్కోనే 1846లో టూరిన్‌లోని వాల్డొక్కోలో, బతుకుతెరువు కోసం నగరానికొచ్చిన కుర్రాళ్లకు నీడ కల్పించాడు. ఆయన సభ 1906లో తంజావూరులో మన దేశంలో అడుగుపెట్టింది.

సువార్తలోని తప్పిపోయిన కుమారుడికి ఇంటి దారి తెలుసు. స్టేషన్‌లో దొరికే పిల్లవాడికి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పడు. పేరు మార్చి చెబుతాడు, ఊరు లేదంటాడు. ఆ మాటల నుంచే బడి పేరు, సంత జరిగే రోజు, ఊళ్లో సినిమా హాలు, ఎక్కిన రైలు ఒక్కొక్కటిగా రాబట్టాలి. ఒడియానో హిందీయో మాట్లాడే పిల్లవాడైతే ముందు ఆ భాష వచ్చినవాళ్లు కావాలి. ఒడిశాలోని బలాంగీర్ నుంచి ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబమైతే, సొంతూరికి వెళ్లినా తల్లిదండ్రులు దొరకరు. వాళ్లు ఏ బట్టీలో ఉన్నారో వెతకాలి.

చట్టం తర్వాత ఈ బాటనే బలపరిచింది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం దొరికిన పిల్లవాణ్ణి, ప్రయాణ సమయం మినహా, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. పిల్లల్ని తిరిగి కుటుంబానికి అప్పగించడమే బాలల గృహాల ప్రధాన లక్ష్యమని అదే చట్టం చెబుతోంది. స్టేషన్లలో దొరికే పిల్లల కోసం రైల్వే శాఖ కూడా 2015లో కార్యవిధానం రూపొందించింది. ముంబయిలో 1996లో మొదలైన పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098 ఊరూరా చేరింది. ఇలా ఆచూకీ పట్టడం సులువైంది.

సులువు కానిది ఆ తర్వాతది. తాగి కొట్టే తండ్రి మారకపోతే, అప్పు తీర్చడానికి పిల్లవాణ్ణే పనికి పెట్టాల్సి వస్తే, అప్పగించిన వాడు మళ్లీ రైలెక్కుతాడు. అందుకే ముందు ఇల్లు చూసి రావాలి, తల్లిదండ్రులతో కూర్చోవాలి, ఊరి బడిలో చేర్పించాలి, అప్పగించాక కూడా వెళ్లి పలకరించాలి. ఇల్లే ప్రమాదమైతే పంపకూడదు. అలాంటివారికి వృత్తి శిక్షణ ఇచ్చి, సొంత కాళ్ల మీద నిలిచేదాకా తోడుండాలి.

చందా ఇచ్చేవారికి గది కట్టించడం ఇష్టం, గోడ మీద పేరుంటుంది. అప్పగించిన పిల్లవాడి ఊరికి మూడోసారి వెళ్లే కార్యకర్త బస్సు ఛార్జీకి శిలాఫలకం వేయరు. జూబిలీ పేరుతో ఏదైనా నిధి పెడితే ఆ ఛార్జీలకే పెట్టాలి. వార్షిక నివేదికలో మొదటి వరుసలో రాయాల్సింది ఇంటికి వెళ్లి ఏడాది తర్వాత కూడా ఇంట్లోనే ఉన్న పిల్లల సంఖ్య.