మూడు రాజ్యముల నేలిన మార్గరెట్టు

డెన్మార్కు, నార్వే, స్వీడను రాజ్యములను మూడింటిని ఒక్కచేత నడపిన మార్గరెట్టునకు డెన్మార్కు రాజపదవి యెన్నడును దక్కలేదు. ఆనాటి ఆచారమున రాజన్న పురుషుడే. ఈ యడ్డును ఆమె యెట్లు దాటెనో తెలిసికొనదగినది.

డెన్మార్కు రాజగు నాలుగవ వాల్డెమారునకు 1353లో కుమార్తెగా జనించి, పదవయేటనే, 1363లో, ఆమె నార్వే రాజగు హాకనునకు భార్య యయ్యెను. ఆకెర్స్‌హూస్ కోటనుండి భర్తకు ఆమె వ్రాసిన లేఖ యొకటి ప్రసిద్ధము. తన పరిజనులకు అన్నపానములు కొరవడినవనియు, వర్తకునితో జెప్పి యరువిప్పింపుమనియు అందు వేడుకొనెను. రాజపత్నియైనను చేత ధనము లేదు. 1370లో ఆమెకు ఓలాఫు అను కుమారుడు గలిగెను.

1375లో వాల్డెమారు గతించెను. అప్పటికి అతనికి పుత్రులు మిగిలి యుండలేదు. మార్గరెట్టు అక్కయగు ఇంగెబోర్గు కుమారునికై మెక్లెన్‌బర్గు వంశమువారు రాజ్యము గోరిరి. జ్యేష్ఠసంతతి వారిదే. అయినను మార్గరెట్టు ప్రభువులను దనవైపు ద్రిప్పుకొని, 1376లో ఐదేండ్ల ఓలాఫును రాజుగ నెన్నించెను. 1380లో హాకను మరణింపగా నార్వేయు ఆ బాలునకే సంక్రమించెను. పేరు కుమారునిది, పాలన తల్లిది.

1387 ఆగస్టు 3న ఓలాఫు అకాలమృతి నొందెను. ఆమె యధికారమున కాధారమైన పేరు అతనితోడనే పోయెను. శోకించుటకైనను వ్యవధి లేదు, మెక్లెన్‌బర్గువారు పొంచియుండిరి. ఏడవనాడే లుండు నగరమున డేనులు ఆమెను రాజ్యమునకు సర్వాధికారముగల స్వామినిగ, రక్షకురాలిగ నెన్నుకొనిరి. రాజశబ్దము మాత్రము వాడలేదు. 1388లో నార్వేయు ఆమె నంగీకరించెను. స్వీడను నేలుచున్న మెక్లెన్‌బర్గు వంశపు రాజుతో విసిగిన యచటి ప్రభువులును ఆమె నాశ్రయించిరి. 1389 ఫిబ్రవరి 24న ఫాల్చోపింగు చెంత జరిగిన యుద్ధమున ఆ రాజు చెరపడెను.

స్త్రీని రాజుగ నొప్పని లోకమునకు రాజు నొకని జూపవలసియుండెను. ఆమె అక్క మనుమని జేరదీసి, ఎరిక్ అని పేరిడి, 1397 జూన్ 17న కాల్మారు పురమున మూడు రాజ్యములకు బట్టము గట్టించెను. ఎరిక్ పెరిగి పెద్దవాడైనను అధికారము ఆమెయందే నిలిచెను. 1402లో నొకడు తానే ఓలాఫునని చెప్పుకొనుచు వచ్చెను. వంచకుడని తేల్చి వానిని దహించిరి. పదునైదేండ్లు గడచినను ఆ తల్లికి కుమారుని పేరు విడువలేదు.

1412 అక్టోబరు 28న ఫ్లెన్స్‌బర్గు రేవున ఓడపై ఆమె కన్నుమూసెను. రోస్కిల్డె దేవాలయమున ఆమె సమాధి కలదు. స్వీడను వైదొలగుటతో 1523లో ఆ రాజ్యకూటమి చెదరెను.

1953లో డెన్మార్కు స్త్రీలకును సింహాసనార్హత నొసగెను. 1972 మొదలు 2024 వరకు నేలిన రాణి తన్ను ‘రెండవ మార్గరెట్టు’ అని వ్యవహరించుకొనెను. జీవించియుండగా దక్కని రాణిపదవి, మరణించిన 560 ఏండ్లకు, ఆ ‘రెండవ’ యను మాటతో మొదటి మార్గరెట్టునకు దక్కెను.