కోల్‌కతా గ్యాలరీల్లో పులస, రొయ్య

కోల్‌కతా ఫుట్‌బాల్‌లో మోహన్ బగాన్ (1889), ఈస్ట్ బెంగాల్ (1920) క్లబ్బుల పోరుకు అభిమానుల గుర్తులు రెండు: రొయ్య, ఇలిష్ చేప. గోదావరికి ఎదురీదివచ్చే ఈ ఇలిష్‌నే మనం పులస అంటాం. రుచిలో మనవారి మొగ్గు ఎటో చెప్పనక్కరలేదు.

తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ పక్షాన, పశ్చిమ బెంగాల్ స్థానికులు మోహన్ బగాన్ పక్షాన నిలవడం ఆనవాయితీ. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే అభిమానుల ఇళ్లలో ఇలిష్ కూర, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర. జెండాలతో పాటు చేప, రొయ్య బొమ్మలూ గ్యాలరీలకు చేరతాయి.

ఈ అభిమానం ప్రాణాంతకమైన రోజూ ఉంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే పోటీలో ఘర్షణ చెలరేగి, తొక్కిసలాటలో 16 మంది ప్రేక్షకులు మరణించారు. వారి స్మృత్యర్థం ఏటా ఆ తేదీన ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానం చేస్తారు.