వజీఫా నుంచి పింఛను దాకా - బతికే ఉన్నామని చెప్పుకోవడం

నవంబరు నెల వచ్చిందంటే మా హఫీజ్‌పేటలో ఒక సంగతి గమనిస్తుంటాను. పొద్దున పదిగంటలయ్యేసరికి ముసలమ్మలు ప్లాస్టిక్ కవర్లు చంకన పెట్టుకుని ఆటోల కోసం నిలబడి ఉంటారు. ఆ కవర్లో ఏముంటాయో చూడకుండానే చెప్పగలను. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పింఛను ఉత్తర్వు, అంచులు చిరిగిన మరణ ధ్రువపత్రం. వాళ్ళు వెళ్ళేది ఒక్క మాట చెప్పి రావడానికి. 'అయ్యా, నేను ఇంకా బతికే ఉన్నాను' అని!

నవ్వొస్తోందా? నాకూ మొదట నవ్వే వచ్చింది. మా అత్తగారిని తీసుకుని ఆ వరసలో నేను నిలబడ్డాక నవ్వు పోయింది. ఈ మాట ఎప్పట్నుంచి చెప్పుకుంటున్నాం, ఎవరితో చెప్పుకుంటున్నాం అన్న ఆలోచన అక్కడే మొదలయింది. పెద్ద చదువులేమీ చదవలేదు, మెట్రిక్ దగ్గరే ఆగిపోయాను. కానీ తెలిసినవాళ్ళని అడిగీ, దొరికిన పుస్తకం చదివీ కొంత పోగుచేశాను. అదే ఇవాళ మీతో చెప్తున్నాను.

మన ఊరి నుంచే మొదలుపెడదాం. ఇప్పుడు హఫీజ్‌పేట అంటే ఫ్లైఓవర్లూ, అపార్టుమెంట్లూ, పక్కనే కొండాపూరు, కాస్త దూరంలో హైటెక్ సిటీ. ఒకప్పుడు ఇది పాయెగా గ్రామం. పాయెగాలంటే నిజాం తరవాత అంతటి నవాబులు. నిజాం కోసం సైన్యాన్ని పోషించే బాధ్యత వాళ్ళది, ఆ ఖర్చుకని ఊళ్ళకి ఊళ్ళు వాళ్ళకి జాగీర్లు. అస్మాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్‌ఉమ్రాహీ అని మూడు శాఖలు. మన హఫీజ్‌పేట ఖుర్షీద్‌జాహీ పాయెగాలోది.

ఆ రోజుల్లో పింఛనుని 'వజీఫా' అనేవారు. ఇప్పటికీ పాతబస్తీలో రిటైరయిన పెద్దమనిషిని వజీఫాయాబ్ అంటారు. జాగీరు కుటుంబాల్లో ఆడవాళ్ళకి, దూరపు బంధువులకి బతుకు గడవడానికిచ్చేది 'గుజారా'. జాగీర్దారు చనిపోతే ఆ హక్కు దానంతటది కొడుక్కి రాదు. సర్కారులో 'విరాసత్' విచారణ జరగాలి. చనిపోయిందెవరు, మిగిలిందెవరు, భార్యలెందరు, పిల్లలెందరు, ఎవరికెంత గుజారా అన్నీ రాసుకునేవారు. తెలంగాణ పల్లెల్లో తండ్రి పోయాక పొలం పట్టా మార్పించుకోవడాన్ని ఇప్పటికీ విరాసత్ అనే అంటారు కదా, ఆ మాట అదే. ఇంట్లో మనిషి పోతే ఏడుపు ఆగకముందే కాగితం రాయవలసిన అవసరం మనకి కొత్తగా రాలేదన్నమాట.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడు వచ్చిన చట్టం ప్రకారం జాగీర్దార్లకి, వాళ్ళ హిస్సేదార్లకి, గుజారా మీద బతికేవాళ్ళకి నష్టపరిహారం లెక్కకట్టి విడతలుగా ఇచ్చారు. 1952లో ఇనాముల విచారణల కోసం అతియత్ చట్టం వచ్చింది. ఎవరు ఎవరికి వారసులో తేలని తగాదాలు కోర్టులకెక్కాయి. మన హఫీజ్‌పేట భూములు కూడా ఉన్న ఖుర్షీద్‌జాహీ వారసుల పంపకం దావా 1958 నంబరుతో హైకోర్టులో నమోదయి యాభై ఏళ్ళు దాటినా నడుస్తూనే వచ్చింది. అన్ని తరాల నవాబులే అట్లా తేల్చుకోలేకపోతే మనమెంత చెప్పండి!

సరే, నవాబుల మాట అట్లా ఉంచి మామూలు మనుషుల్లోకి వద్దాం. మన స్టేషను మీదుగా పోయే వాడీ లైను 1874లో పడింది. రైల్వేలో పనిచేసినవాడికి చాలాకాలం నెలనెలా పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండే. ఉద్యోగం అయిపోగానే ఒక మొత్తం చేతిలో పెట్టి నమస్కారం పెట్టేవారు. ఆ డబ్బు కూతురి పెళ్ళికో కొడుకు అప్పుకో పోయేది. ఆయన పోయాక ఇల్లాలికి మిగిలేది ట్రంకుపెట్టె. రైల్వేలో పింఛను పథకం 1957 నవంబరు 16న వచ్చింది.

కేంద్ర ఉద్యోగుల భార్యలకి 1964 జనవరి 1 నుంచి కుటుంబ పింఛను పెట్టారు. ఊరికే పెట్టలేదు, ఉద్యోగి తన గ్రాట్యుటీలో రెండు నెలల జీతం వదులుకోవాలి. ఆ షరతు 1977లో తీసేశారు. మరి 1964కి ముందే భర్త పోయినవాళ్ళ సంగతి? వాళ్ళకి ఈ పథకం వర్తించలేదు. తేదీ అడ్డం! డిసెంబరులో పోయినాయన భార్యకి ఆకలి వెయ్యదు, జనవరిలో పోయినాయన భార్యకి వేస్తుంది అన్నట్టుంది లెక్క. పూనమాళ్ అనే విధవరాలు మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకి వెళితే, 1985లో అలాంటి ఆడవాళ్ళకి కూడా కుటుంబ పింఛను దక్కింది. అంతకు మూడేళ్ళ ముందే, 1982 డిసెంబరు 17న నకారా కేసులో అదే కోర్టు, పింఛను యజమాని దయ తలచి పడేసేది కాదు, చేసిన సేవకి హక్కుగా వచ్చేది అని తేల్చింది. రిటైరయినవాళ్ళు ఏటా ఆ రోజుని పింఛనుదార్ల దినంగా జరుపుకుంటారు.

ఇక ఫ్యాక్టరీలు. మన వైపు రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్., సనత్‌నగర్‌లో ఆల్విన్. ఈ పేర్లు చెప్పగానే మీలో చాలామందికి మామగారో తండ్రో గుర్తొస్తారు. ఫ్యాక్టరీ మనిషికి 1952 చట్టంతో ప్రావిడెంట్ ఫండు వచ్చింది. 1971 మార్చి నుంచి కుటుంబ పింఛను వచ్చింది. విచిత్రమేమిటంటే అది కార్మికుడికి కాదు. ఆయన ఉద్యోగంలో ఉండగా పోతేనే భార్యాపిల్లలకి. బతికుండి రిటైరయితే నెలనెలా పింఛనంటూ లేదు. ఆయనకి కూడా పింఛను అన్నది 1995 నవంబరు 16 నుంచే, అదీ పదేళ్ళ సర్వీసు ఉంటేనే. ఇంత తక్కువేమిటని గోలపెట్టగా పెట్టగా 2014 సెప్టెంబరు నుంచి కనీసం వెయ్యి రూపాయలన్నారు. వెయ్యి రూపాయలతో నెల గడవదని ఇల్లు నడిపే మనకి ఒకరు చెప్పాలా?

మా మామగారు ఇట్లాగే ఫ్యాక్టరీలో ఉద్యోగంలో ఉండగానే 1987లో పోయారట. నేను అప్పటికి కోడల్ని కాను. అత్తగారికి 1971 పథకం కింద పింఛను వచ్చేది. ఫ్యాక్టరీ కాగితాల్లో ఆవిడ పేరు మహాలక్ష్మి, రేషను కార్డులో లక్ష్మమ్మ. ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చెయ్యడానికి మా వారు ఎన్ని స్టాంపు కాగితాలు కొన్నారో!

నవంబరులో ఆవిడ ఇచ్చే కాగితాలు రెండు. బతికి ఉన్నట్టు ఒకటి, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదని ఇంకొకటి. ఆ రెండోదాని మీద వేలిముద్ర వేసేటప్పుడు డెబ్బై ఏళ్ళ మనిషి తల వంచుకునేది. భర్త పోయిన ఆడది మళ్ళీ పెళ్ళి చేసుకుంటే పింఛను పోతుందన్నది పాత నియమం. 2006 నుంచి కేంద్ర ఉద్యోగుల్లో పిల్లల్లేని విధవరాలికి కొంత సడలించారు, వేరే ఆదాయం ఒక హద్దు దాటకపోతే పెళ్ళి చేసుకున్నా ఇస్తారు. మంచిదే, కానీ అది చాలదని నా అభిప్రాయం. ముప్ఫై ఏళ్ళ పిల్ల కొత్త జీవితం మొదలుపెట్టాలంటే చేతిలో ఉన్న అన్నం వదులుకోవాలా?

2014 నవంబరు 10న 'జీవన్ ప్రమాణ్' అని మిషన్ల మీద వేలిముద్ర పద్ధతి వచ్చింది. మా అత్తగారి వేలు చింతపండు పిసికి, గిన్నెలు తోమి అరిగిపోయింది. మిషను ఒప్పుకోదు. మనిషి ఎదురుగా కూర్చుని ఉంది, మిషను మాత్రం లేదు అంటుంది! 2021లో ముఖం చూపించి చేసుకునే వీలు వచ్చింది గానీ, అప్పటికి ఆవిడ లేదు.

ఊరూపేరూ లేని ముసలివాళ్ళకి సర్కారు పింఛను ఇవ్వడం లోకంలో మరీ పాత సంగతేమీ కాదు. బ్రిటన్‌లో 1909 జనవరి 1న డెబ్బై దాటినవాళ్ళకి వారానికి అయిదు షిల్లింగుల దాకా పోస్టాఫీసుల్లో ఇవ్వడం మొదలెట్టారు. ఐర్లండులో వయసు రుజువుకి పుట్టిన తేదీ కాగితాల్లేవు. అందుకని '1839లో పెద్దగాలి వీచిన రాత్రి నాకు జ్ఞాపకముంది' అని ముసలివాళ్ళు చెప్పుకునేవారట. మన హైదరాబాదులో 1908 మూసీ వరదని 'తుగ్యానీ' అనేవారు కదా. 'తుగ్యానీనాటికి నేను చంకబిడ్డని' అని చెప్పే పెద్దల్ని చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ముసలితనం ఎక్కడైనా ఒక్కటే సుమండీ.

మన దేశంలో కేంద్రం తరపున పేద వృద్ధులకి పింఛను 1995 ఆగస్టు 15న మొదలయింది, నెలకి 75 రూపాయలు. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో 'ఆసరా' పేరుతో వెయ్యి రూపాయలయింది, వికలాంగులకి పదిహేను వందలు. 2019లో అవి 2,016, 3,016 అయ్యాయి. 2017లో ఒంటరి మహిళల్ని కూడా చేర్చారు. ఇది చాలా మంచి పని. మొగుడు వదిలేసి పోయిన ఆడదానికి మరణ ధ్రువపత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు మా ఇంట్లో జరిగిన తప్పు చెప్తాను. అత్తగారు 2018 ఆషాఢంలో పోయారు. మరణం ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలని 1969 చట్టం. అది చేయించాం. పింఛను సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. శ్రావణంలో వెయ్యి పడింది, భాద్రపదంలో పడింది, ఆశ్వయుజంలో పడింది. కార్డు మా దగ్గరే ఉంది. 'అమ్మ డబ్బే కదా, మాసికాలకి వాడదాం' అన్నారు మా వారు. నేనూ సరే అన్నాను. దొంగతనమని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

దసరా వెళ్ళాక బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. మూడు వేలూ కట్టమని. కట్టాం. ఆ కౌంటరు దగ్గర అమ్మాయి ఏమీ అనలేదు, రసీదు మాత్రం ఇచ్చింది. అయినా ఆవిడ బతికున్నన్నాళ్ళూ బతికున్నానని చెప్పడానికి అంత కష్టపడింది కదా, పోయాక పోయిందని చెప్పడం మాకు చేతకాలేదే అని ఇంటికొచ్చే దాకా నా మనసు కలుక్కుమంటూనే ఉంది.

చెప్పవలసిన మార్పులు చావు ఒక్కటే కాదు. పింఛను తీసుకునే పిల్లలకి ఇరవై అయిదేళ్ళు నిండటం, ఒంటరి మహిళ పెళ్ళి చేసుకోవడం, బ్యాంకు ఖాతా మారడం, పేరులో తేడా ఉండటం, అన్నీ చెప్పాలి. ఆసరా తీసుకునే ఇంటాయన పోతే, మరణ ధ్రువపత్రంతో ఇల్లాలు తన పేర వితంతు పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్ళంతట వాళ్ళు వచ్చి అడగరు. ఉద్యోగంలో ఉన్నవాళ్ళయితే ప్రావిడెంట్ ఫండు నామినేషను చూసుకోవాలి. కుటుంబమే లేనప్పుడు తమ్ముడి పేరో స్నేహితుడి పేరో రాసి ఉంటే, పెళ్ళయి కుటుంబం ఏర్పడగానే అది చెల్లదు, కొత్తది రాయాలి. చెల్లే నామినేషను లేకపోతే కుటుంబ సభ్యులకి సమభాగాలుగా పంచుతారు. ఆ పంపకం దగ్గర ఎన్ని ఇళ్ళలో మాటలు పెరిగాయో మీరూ చూసే ఉంటారు. హైటెక్ సిటీలో లక్షలు తెచ్చే మన పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి, ఎవరి పేరు రాశారో వాళ్ళకే గుర్తుండదు.

ఇదంతా రాసుకుంటూ మొన్న ఆదివారం మా వారి ఫైలు తీశాను. అత్తగారి పింఛను ఉత్తర్వు పక్కనే ఆయన నామినేషను ఫారం నకలు కనిపించింది. 1998లో, మా పెళ్ళికి మూడేళ్ళ ముందు నింపింది. అందులో మహాలక్ష్మి అని అత్తగారి పేరు. అంతే. నా పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. ఆయన కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూసి, 'ఇన్నేళ్ళూ ఇట్లాగే ఉందా?' అన్నారు.

సాయంత్రం మా అబ్బాయి ఫోనులోనే కొత్తది నింపాడు. నామినీ అన్న గడి వచ్చినప్పుడు నేను ఆధార్ కార్డు తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు, ఒక్క అక్షరం తేడా లేకుండా, నేను చదివి వినిపిస్తుంటే వాడు కొట్టాడు.